దానియేలు రాయి, రాహేలు కత్తిపీట

దూలపల్లిలో మా పక్కింటి దానియేలుకి పొరపాటున కూడా కత్తి చూపించకూడదు. ఉల్లిపాయలు తరిగే చాకైనా సరే, బొటనవేలికి ఆనించి చూసి, "ఏంది సార్ గిది, గరిటెనా?" అంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఇస్తాను. నూరి తెచ్చిన మర్నాడు నా వేలికి కట్టు ఉంటుంది.

ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో చేసి రిటైరైన మనిషి. అప్పట్లో మిషన్ బిగించడానికొచ్చిన జపాన్ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఇతనికో సానరాయి ఇచ్చాడట. అచ్చుపోసింది కాదు, వాళ్ళ కొండల్లో తవ్వి తీసిన రాయి. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, చిన్న రాతిముక్కతో రుద్దితే పలచటి పాలలాంటి బురద వస్తుంది. అందులో మడతకత్తి నూరుకుని రోజూ గడ్డం గీసుకుంటాడు. ఆ రాయికి ఎండ తగలనివ్వడు, మనల్ని ముట్టుకోనివ్వడు.

ఇంత పనిమంతుడికీ ఒకటే దిగులు. తన పని చూసి భార్య రాహేలు ఒక్కసారీ "మంచిగుంది" అనలేదు. పైగా ఆవిడ కత్తిపీట జోలికి రానివ్వదు. పాపం, నా దగ్గర ఎన్నిసార్లు నిట్టూర్చాడో!

ఇంతలో చర్చి వార్షికోత్సవం, ఆ రోజు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు వచ్చాయి. ముందురోజు ఆడవాళ్ళంతా ఎవరి కత్తిపీట వాళ్ళు తెచ్చుకుని చర్చి ఆవరణలో కూరగాయలు తరుగుతారు. ఇదే అదనని దానియేలు వారం రోజులు ఆవిడ ప్రాణం తోడేశాడు.

"సరే, నూరుకో. సంఘంల నా ఇజ్జత్ తీసినవంటే సూడు మల్ల," అంది రాహేలు.

రెండు రోజులు నూరాడు. ఆ అంచులో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

శనివారం పొద్దున నన్ను కూడా లాక్కెళ్ళాడు. రాహేలు టమాటా ఆనించింది. జారింది. ఇంకోటి ఆనించింది. అదీ జారి పాస్టరుగారి చెప్పుల దాకా దొర్లింది. గడ్డానికి పనికొచ్చే నున్నటి అంచు టమాటా తోలును పట్టుకోదు, దానికి కాస్త గరుకు కావాలి. ఆ ముక్క మా టూల్‌రూమ్ మేధావికి తట్టలేదు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు కొంగు లేదు కనుక పైకే నవ్వాను.

రాహేలు లేచి, కత్తిపీటను చర్చి మెట్టు మీద బరబరా నాలుగుసార్లు గీకి, వచ్చి కూర్చుని గంపెడు టమాటాలు కోసేసింది.

"రెండు దినాల పని ఖరాబు జేసినవు గదనే!" అన్నాడు దానియేలు.

"ఖరాబు జేస్తేనే తెగుతాంది!"

మర్నాడు విందుకి కలిసి వెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. దానియేలు రాయిని గుడ్డలో చుట్టి అటక మీద పడేసి, మాసిన గడ్డంతో కూర్చున్నాడు. విందుకి రాడట. నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

రాహేలు స్టూలెక్కి రాయి దించింది. మగ్గుతో నీళ్ళు, మడతకత్తి తెచ్చి అతని ముందు పెట్టి, ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలిచింది.

"ఏంజెల్ నాయినా, టమాటల సంగతి నాకిడిసిపెట్టు. గడ్డం సంగతి నీకెర్క. జల్దీ లే."

మూతి ముడుచుకునే నూరాడు, గీసుకున్నాడు. నేను గుమ్మంలో ఉన్న సంగతి మరిచి రాహేలు వేళ్ళతో అతని చెంప నిమిరింది.

"మంచిగుంది," అంది మెల్లగా.

"ఏమన్నవు?"

"ఏమనలే. నడువు, ఆలస్యమైతాంది."

దానియేలు నావైపు చూశాడు.

"అన్నారండీ, నేను విన్నాను," అన్నాను.

ఆ రోజు విందులో అతను టమాటా పప్పు మూడుసార్లు వడ్డించుకున్నాడు.