ఎండలే, పండింది

పొద్దున మా పాప కిటికీలోని కరివేపాకు మొక్క నుంచి పసుపు ఆకు తెంపి, "సూఖ్ గయా, పప్పా" అంటూ, ఎండిపోయిందని పారేసింది.

కామాటిపుర చాల్‌లో, ఆ ఒంటిగది ఇళ్ల వరసల్లో పెరిగినవాళ్లకు గుర్తుందా, గ్యాలరీ కటకటాలకు కట్టిన డాల్డా డబ్బాల్లో తులసి, కరివేపాకు? మా నాయనమ్మ పసుపు ఆకును ముట్టనిచ్చేది కాదు. ఎండిందని అంటే కసిరేది. "ఎండలే బిడ్డా, పండింది. అదే రాలుతది, తెంపకు."

తర్వాత బడిలో చదువుకున్నాను. ముసలి ఆకు తన హరితరేణువులను తానే విప్పుకుని, వాటి సత్తువను కొత్త చిగుళ్లకు పంపించి, ఆ తర్వాతే రాలుతుందట.

బతకడానికొచ్చిన ఈ ఊళ్లో ఎన్ని బిల్డింగులకు నాయనమ్మ సిమెంటు తట్టలు మోసిందో! ఒకరోజు మేస్త్రీ అందరి ముందూ, "ముసల్ది ఎండిపోయింది, రేపట్నుంచి తోల్కరాకుండ్రి" అన్నాడు. నాయనమ్మ ఇంటికొచ్చి మొక్కకు నీళ్లు పోసింది. మాకు అన్నం పెట్టి, తాను గంజి తాగింది.

ఆమె సత్తువంతా మా ఒంట్లోకే వచ్చింది. మేస్త్రీ మాట మాత్రం ఇవాళ నా బిడ్డ నోట విన్నాను.

"ఎండలేదమ్మా, పండింది" అన్నాను.

"మత్లబ్?" అని అర్థం అడిగింది.