టిక్కు పెట్టిన స్టెప్నీ

ఉద్యోగం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, అందులో చెకింగ్ పని. బండి వస్తుంది, చూస్తాం, కాగితం మీద టిక్కు పెడతాం. చూడటానికి ఊడదీసినదాన్ని తిరిగి బిగించడం మా తర్వాత నిలబడ్డవాడి పని. మన పని టిక్కుతో అయిపోతుంది. (ఇంట్లో పప్పులో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే ‘ఓకే’ అనేవాణ్ణి. బాపు నా వైపు అదోలా చూసేవాడు.) ఆ గర్వంలోనే ఒక పాత కారు కూడా కొన్నాను.

కారు కొన్న నెలకే షోలాపూర్ నుంచి పెద్దమ్మ కొడుకు, మా అన్న, అమ్మకు ఫోన్ చేశాడు. “అమ్మ మాట తడబడుతున్నది చిన్నమ్మా. నిన్నే అడుగుతున్నది. తెల్లారంగనే రాండ్రి.” పెద్దమ్మ అంటే అమ్మకు అక్క మాత్రమే కాదు. అమ్మ చిన్నప్పుడే అమ్మమ్మ పోతే, తనను చంకనేసుకుని పెంచిన మనిషి. అమ్మ ఆ రాత్రే సంచి సర్దుకుంది. “ఆరు గంటల బస్సుకు పోదాం బిడ్డా” అంది. “కారుండగ బస్సెందుకమ్మా? జర చెక్ చేసుకొని పోదాం. ఫికర్ చెయ్యకు, నాలుగు గంటల్ల దింపుత” అన్నాను.

పొద్దున ఐదింటికి మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ పద్ధతిలో గీతలు కొట్టి కాగితం తయారు చేశాను. ఇంజన్ ఆయిల్ చూశాను, కూలెంట్ చూశాను, బ్యాటరీ, బెల్టు, బ్రేకులు, టైర్లలో గాలి అన్నీ చూశాను. ఎండాకాలం, ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా చెంబుతో అద్దం మీద నీళ్లు పోసి మరీ వైపర్లు తిప్పాను. హారన్ మూడుసార్లు కొడితే ఎదురింటాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. అమ్మ గడప మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను బానెట్ మూసినప్పుడల్లా లేచి నిలబడేది, మళ్లీ తెరవగానే కూర్చునేది. “అయిందా బిడ్డా?” అంటే “అయితున్నదమ్మా” అనేవాణ్ణి. ఆఖరికి డిక్కీలోంచి స్టెప్నీ తీసి, గాలి చూసి, గోడకు ఆనించి, టిక్కు పెట్టాను. బయల్దేరేసరికి ఎనిమిదిన్నర అయింది.

సగం దారిలో ఉమర్గా ఊరు దాటాక వెనక టైరు పంక్చరయింది. నాకేం భయం లేదు, ఈల వేసుకుంటూ డిక్కీ తెరిచాను. స్టెప్నీ ఉండాల్సిన గుంత ఖాళీగా, శుభ్రంగా ఉంది. (పొద్దున గుడ్డతో తుడిచింది కూడా నేనే.) అలా చూస్తూ ఉండగానే చేను నుంచి ఇంటికొచ్చిన బాపు ఫోన్ చేశాడు.

“గోడకు ఒక చక్రం ఉన్నది. మనదేనా?”

“మనదే బాపూ.”

“మరి మీరు దేని మీద పోతున్నరు?”

ఫోన్ పెట్టేశాను. షోలాపూర్ బస్సొకటి వస్తే చెయ్యెత్తి ఆపి, అమ్మను ఎక్కమని బతిమాలాను. “నిన్ను తొవ్వల ఇడిచిపెట్టి ఎట్ల పోత” అని కదల్లేదు. కండక్టర్ కసిరాడు, బస్సు వెళ్లిపోయింది. ఆమె నన్ను విడిచిపోలేదు గానీ, నేను మాత్రం ఊడదీసిన టైరుతో ఒక లారీ ఎక్కి, ఆమెను ఎండలో కారు దగ్గర వదిలి పంక్చర్ షాపు వెతుక్కుంటూ పోయాను. తిరిగొచ్చి బిగించేసరికి ఒంటిగంటన్నర.

పెద్దమ్మ మంచం దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. పన్నెండింటి దాకా ‘చెల్లె ఏడి దాంక వచ్చింది’ అని అడిగిందట, ఆ తర్వాత మాట పడిపోయిందట. అమ్మ పక్కన కూర్చుని “అక్కా, వచ్చిన” అంది, మళ్లీ మళ్లీ అంది. పెద్దమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ చూపు అమ్మ మీద నిలవలేదు. మూడో రోజు పోయింది. నాకు ఆ గదిలో నేల చీలితే బాగుండుననిపించింది.

“ఇంత ఆలస్యం ఎందుకైంది చిన్నమ్మా?” అని అన్న అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. “నాతోనే అయింది నాయినా. కట్టుకుందమంటే మంచి చీర దొర్కలే. పొద్దుగాల అంత దేవులాడుకుంట కూసున్న.” అక్కడున్న ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను.

ఈ మధ్య చుట్టాల పెళ్లి పంక్తిలో అన్న అదే మాట ఎత్తాడు. “చిన్నమ్మా, ఇయ్యాల చీర జల్దీ దొరికినట్టుందే” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వులో పాత కోపం ఇంకా ఉంది. నలుగురూ నవ్వారు, అమ్మా నవ్వింది. ఇన్నేళ్లకు చెప్పేద్దామని నేను “అన్నా, ఆ రోజు...” అంటూ మొదలుపెట్టాను. అమ్మ తన విస్తరిలోని బూరె తీసి నా విస్తరిలో వేసి, “తిను బిడ్డా, చల్లారుతది” అంది. నలభయ్యేళ్లకు దగ్గరపడ్డ మనిషిని, తలొంచుకుని తిన్నాను.