ఏడుపు పడని టేపు

మా అన్న మొయినాబాద్ ఇంటికి చివరిసారి వచ్చినప్పుడు, చర్చివాళ్లు మా బాపు దగ్గర ఉంచిన టేపు రికార్డరు ముందు కూర్చుని ఉపన్యాసం దంచాడు. ప్రత్యేక తెలంగాణ ఎందుకు కావాలో చెప్పాడు. చేవెళ్లలో తనతోపాటు ఊరేగింపులు తీసిన దోస్తుల పేర్లన్నీ చదివాడు. ఆఖరున, మమ్మల్ని కన్న అవ్వ వైపు తిరిగి, "అవ్వా, రొట్టె మాడుతున్నది, జర సూడు" అన్నాడు. నెల తిరక్కుండానే పట్నంలో పోలీసు కాల్పుల్లో పోయాడు.

పాతిపెట్టి వచ్చాక, ఆ దోస్తుల కోసం పోలీసులు ఊళ్లు గాలిస్తున్నారని తెలిసింది. బాపు సర్కారు బడి పంతులు, బతికుంటే బలుసాకు తినవచ్చుననే రకం. టేపు చెరిపేస్తానన్నాడు.

"గా రొట్టె మాట ఒక్కటి ఉంచు. కత్తెరతోని గంత ముక్క కోసియ్యి" అని అవ్వ బతిమాలింది.

"అది చర్చి సొత్తు. ముక్కలు జేస్తే రేపు ఏం జవాబు చెప్పాలె?"

చెరపడమంటే దాని మీద మళ్లీ రికార్డు చేయడమని ఆయనకు తెలుసు. ఏమీ వినపడకూడదు కనుక ఇల్లంతా మూగదై ఉండాలనుకున్నాడు. మిట్టమధ్యాహ్నం కోళ్లను తరిమి, తలుపులు మూసి, మైకు పెట్టి మీట నొక్కాడు. బయటికి పొమ్మంటే అవ్వ కదల్లేదు. కొడుకు గొంతు పోతున్న చక్రాలనే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఏడుపు పొంగుకొచ్చేసరికి, బాపు ఆమె కొంగే తీసి ఆమె నోట్లో కుక్కాడు.

తిప్పి వింటే ఒకచోట మూలుగు వినిపించింది.

"ఏడుపు పడ్డది. మల్ల మొదలు" అన్నాడు.

రెండోసారి అవ్వ చప్పుడే చేయలేదు. ఆదివారం ఆ టేపు మీద చర్చి పాటలు ఎక్కాయి. పోలీసులు మా ఇంటికి రానేలేదు.

కొన్నేళ్లకు టీచరు ట్రైనింగులో అలాంటి మిషనే నా చేతికొచ్చింది. మైకు తీగ పీకేసి మీట నొక్కితే చాలు, టేపు దానంతటదే తుడిచిపెట్టుకుపోతుంది. పక్కన ఎంత గోల చేసినా పడదు. ఇంటికి వెళ్లి, బాపు అన్నం తింటున్నప్పుడు, అవ్వ వినేటట్టు ఆ సంగతి చెప్పాను. ఆయనకు ముద్ద దిగకూడదనే చెప్పాను. అందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

అవ్వ గరిటె కింద పెట్టింది.

"అంటే గా దినం నేను ఏడ్సినా ఏం కాకపోవునా?" అని ఆయన్నే అడిగింది.

బాపు మజ్జిగ పొయ్యమన్నాడు.