ఉస్తాద్ పియాలాను ఎవరూ బోర్లించలేదు

ఉస్తాద్ హిక్మతుల్లా బుఖారా బజారులో కుట్టుమిషన్లు బాగుచేసేవారు. చదివింది ఏడో తరగతి. అయినా నలభై ఏళ్లపాటు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆయన దుకాణం వెనక వసారాలో పదిమందిమి చేరి, ఒక పాత పుస్తకంలోంచి రెండు పాదాల పద్యం ఒక్కటి చదివి అర్థం చెప్పుకునేవాళ్లం. రెండు పాదాలకి మూడు గంటలైతే పుస్తకం పూర్తయ్యేసరికి మన మనవలు ముసలాళ్లవుతారని మంగలి అష్రాఫ్ ఎగతాళి చేసేవాడు.

అక్కడ కొత్తగా వచ్చినవాళ్లే ముందు మాట్లాడాలి. పెద్దలు ముందే అర్థం చెప్పేస్తే కొత్తవాళ్లు సొంతంగా చూడటం మానేస్తారని ఉస్తాద్ భయం. పద్యం మాత్రం ఎవరైనా చూడకుండా చెప్పాల్సిందే. ఒక్క మాట తప్పితే పక్కవాళ్లు తప్పినవాళ్ల టీ పియాలా బోర్లిస్తారు. ఇక ఆ రోజు వాళ్లకి టీ లేదు, నోరు విప్పడమూ లేదు. మొదటి ఏడాది ఎన్ని శుక్రవారాలు ఎండిన గొంతుతో ఇంటికి వెళ్లానో నాకే తెలుసు. ఆ ఉక్రోషంతోనే పద్యాలన్నీ నోటికి పట్టాను.

భార్య పోయాక ఆయనకు మతిమరుపు మొదలైంది. ఆ మరుసటి వసంతంలో ఒక శుక్రవారం, 'తలుపు మూసి ఉంది, గడప మీద మాత్రం వెలుగు' అనాల్సినచోట 'తలుపు తెరిచి ఉంది' అన్నారు. పక్కన కూర్చున్నది నేనే. నా చెయ్యి ఆయన పియాలా దాకా వెళ్లింది. అందులో కాస్త టీ పోసి ఊరుకున్నాను.

ఆయన దానికీ అర్థం చెప్పారు. తలుపు తెరిచే ఉన్నా, వచ్చినవాడు సిగ్గుతో తలెత్తలేదట. అందుకే వాడికి గడప మీది వెలుగొక్కటే కనబడిందట. అందరం తలలూపాం. ముసలాయన్ని బాధపెట్టి మనం కట్టుకుపోయేదేముందని అష్రాఫ్ బయటికొచ్చాక అన్నాడు. నాకూ అదే దయ అనిపించింది. ఆకులు రాలేనాటికి అలాంటి తప్పులు పదకొండు మింగేశాం.

ఆ వసంతంలోనే కొత్తగా చేరిన నర్సు మవ్జూనా, ఒక రోజు అదే పద్యం తాను విన్నట్టే 'తలుపు తెరిచి ఉంది' అని చెప్పింది. ఆ రోజు ఉస్తాద్ మనసు తేటగా ఉంది. ఆమె పియాలా తానే బోర్లించి, మూసి ఉంది అనాలి, నీకిలా ఎవరు నేర్పారమ్మా అని అడిగారు.

"మీరే, ఉస్తాద్. మీరు చెప్పిన అర్థం కూడా రాసుకున్నాను" అంటూ ఆమె నోట్‌బుక్ తీసి మొత్తం చదివింది.

ఆయన చివరిదాకా విని నావైపు తిరిగారు.

"కరోమత్, ఆ రోజు నువ్వున్నావా?"

"ఉన్నాను."

"తప్పని తెలుసా?"

"తెలుసు."

"మరి ఏం చేశావు?"

"తలూపాను, ఉస్తాద్."

ఆయన తిడితే బాగుండేది. అడిగింది ఒక్కటే.

"నేను బాగున్న రోజుల్లో కూడా ఇలాగే తలలూపారా?"

లేదని ఒట్టేశాం. అది నిజం కూడా. కానీ ఆయన నమ్మడానికి మేమే దారి లేకుండా చేసుకున్నాం. ఆయన నలభై ఏళ్ల కృషిని నా దయతో నేనే పాడుచేశాను.

తర్వాత ఆయన రెండేళ్లు బతికారు. వసారాలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు. నేను వెళితే టీ పోసి, పిల్లల క్షేమం అడిగేవారు. ఎప్పుడైనా ఉండబట్టలేక ఒక పాదం ఎత్తుకుని దానికి నాకు తోచిన అర్థం చెబితే, మర్యాదగా తలూపేవారు.