ఒబీడియెంట్ సర్వెంట్

బెజవాడ తాలూకా కచేరీ వరండాలో ఇంగ్లీషు అర్జీలంటే పాండురంగయ్యే. ప్రతి అర్జీ కిందా ‘ఒబీడియెంట్ సర్వెంట్’ అని రాసేముందు పాళీ తుడుచుకుని, ఊపిరి బిగబట్టేవాడు. తమ విధేయ సేవకుణ్ణని దొరలకు చెప్పుకునే ఆ మాట చూశాకే రైతులకు ధైర్యం వచ్చేది. ఈమధ్య ఎదుటి స్తంభం పక్కన వెంకటకృష్ణారావనే బి.ఏ. కుర్రాడు టైపు మిషను పెట్టాడు. ఆ టకటక వినపడితే చాలు, పాండురంగయ్య ఇంత పొడుం ముక్కులోకి ఎక్కించేవాడు. ఓ పొద్దున కంకిపాడు రత్తయ్య, ఎన్నాళ్లనుంచో పాండురంగయ్య దగ్గరే రాయించుకునేవాడు, టైపు కాగితంతో వచ్చి నసిగాడు.

“ఆ అబ్బాయి దగ్గర వేలిముద్రకి సిరా లేదంటండీ.”

పాండురంగయ్య కాగితమంతా తప్పుకోసం గాలించాడు. దొరకలేదు. అడుగున తన ‘ఒబీడియెంట్ సర్వెంట్’, తన చేతికెన్నడూ రానంత తీరుగా, అచ్చులో నిలబడి ఉంది. రత్తయ్య బొటనవేలికి సిరా దట్టంగా పట్టించి, తనే పట్టుకుని, ఆ మాట మీద ఈ కొసనుంచి ఆ కొసకు దొర్లించాడు.

“సరిగ్గా పడిందాండీ?”

“దివ్యంగా పడింది,” అన్నాడు పాండురంగయ్య. సిరా కింద ఆ ఇంగ్లీషు మాటలో ఒక్క అక్షరమూ మిగల్లేదు.