తరవాణి పోసిన రొట్టె

మా చిన్నప్పుడు మా ఇంట్లో బ్రెడ్డు ఇసకలో కాలేది... నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

కుంపటి మీద పాత గుండిగ, అందులో నాలుగు వేళ్ళ మందాన నాగావళి ఇసక, దాని మీద నూనె రాసిన గిన్నెలో పిండి. మూత పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు. అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్క సందులో ఉండేది మా పెంకుటిల్లు. ఆదివారం సాయంత్రం ఆ వాసన సందు చివరిదాకా పోయేది.

ఇంత శ్రమా మా తమ్ముడు బుజ్జిగాడి కోసం. వాడికి పాలు పడవు. పాలచుక్క లోపలికి వెళ్తే చాలు... పెదాలు వాచిపోయేవి, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి అందేది కాదు. బేకరీ బ్రెడ్డులో పాలపొడి ఉంటుందని అదీ పెట్టేవాళ్ళం కాదు. జ్వరమొస్తే అందరి పిల్లలూ బ్రెడ్డు తినేవారు, వాడికి గంజే.

పక్క వాటాలో అద్దెకుండే నర్సమ్మగారు అమ్మకి ఈ రొట్టె నేర్పారు. ఈస్టు అక్కర్లేదు, గోధుమపిండి, ఉప్పు, వంటసోడా, పుల్లటి మజ్జిగ ఉంటే చాలన్నారు. సోడాకి పులుపు తగిలితే పిండి పొంగుతుందట. మరి మజ్జిగ కుదరదు కదా అని ఆవిడ ఆలోచనలో పడ్డారు. అమ్మ వంటింటి మూలనున్న తరవాణి కుండ చూపించింది.

తరవాణి ఎరగని వాళ్ళకి ఒక్క మాట... అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు రోజూ ఒక కుండలో పోసి పులియబెట్టేవాళ్ళు. ఆ కుండ ఎప్పుడూ ఖాళీ చెయ్యరు. కావలసినంత తీసుకుని మళ్ళీ పోస్తారు. మాది నాన్నమ్మ కాపరానికొచ్చిన కొత్తలో పెట్టింది. మేమంతా మజ్జిగన్నం తింటుంటే బుజ్జిగాడు తరవాణి అన్నం తినేవాడు.

ఆ పులుపుకి రొట్టె ఎంత బాగా పొంగేదో! పైన నెర్రెలిచ్చి, లోపల మెత్తగా... కాస్త పుల్ల వాసన. ఆ వాసనే నా కొంప ముంచింది.

ఒకసారి నా స్నేహితురాలు, మా వీధి బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మీ రొట్టె చద్దివాసన వేస్తోందంది. పదేళ్ళదాన్ని... సిగ్గుతో చచ్చిపోయాను. పై ఆదివారం ఆ పిల్ల మళ్ళీ వస్తానంది.

ఆ రోజు అమ్మ పెరట్లో కుంపటి విసురుతూ, "ఒసే, పిండిలో గ్లాసుడు తరవాణి పోసీ" అంది. నేను మజ్జిగ పోశాను. నీళ్ళ మజ్జిగ, తరవాణి... చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. చేత్తో నాలుగు తిప్పులు తిప్పి, మజ్జిగ గిన్నె మీద మూత పెట్టేశాను.

తమ్ముడు ఒక్క ముక్క తింటే ఏమవుతుందిలే అనుకున్నానా? అదీ లేదు. అసలు వాడు గుర్తే రాలేదు. ఇప్పటికీ నన్ను తినేసేది అదే.

నా స్నేహితురాలు ఈసారి బేకరీ బ్రెడ్డులా ఉందని మెచ్చుకుంది. నేను మురిసిపోతున్నాను... అప్పటికే బుజ్జిగాడు గొంతు పట్టుకున్నాడు. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తారు. నర్సమ్మగారే ఇద్దర్నీ రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాడు బతికాడు. దేవుడు చల్లగా చూశాడు.

పాలు ముట్టకుండానే ఇలా ఎందుకైందని ఇంట్లో తర్జనభర్జన. నాన్నమ్మ తేల్చేసింది. "ముట్టుతోటి కుండలో సెయ్యెట్టీసుంటావు. నా తరవాణి పాడైపోనాది" అని అమ్మ మీద పడింది.

అమ్మ ఆ కుండ ఎత్తుకెళ్ళి పెరట్లో అరటి మొదట్లో బోర్లించేసింది. నేను తలుపు వెనక నిలబడి చూశాను. నోరు విప్పలేదు.

మళ్ళీ మా ఇంట్లో రొట్టె కాలలేదు. బుజ్జిగాడు చాలా రోజులు అడిగాడు, తర్వాత మానేశాడు. చుట్టాలు ఎవరొచ్చినా నాన్నమ్మ ఆ కుండ సంగతి ఎత్తేది. అమ్మ తల వంచుకుని వడ్డించేది. ఇవాళ చెప్పేద్దాం, రేపు చెప్పేద్దాం అనుకుంటూనే నాకు పెళ్ళైపోయింది. నాన్నమ్మ పోయింది. నాలుగేళ్ళ క్రితం అమ్మా పోయింది.

మొన్న ఎచ్చెర్లలో తమ్ముడింటికి వెళ్ళాను. వాడి కూతురికీ పాలు పడవు. నిమ్మరసం పులుపుతో, ఓవెన్లో ఆ రొట్టె చేశాను. పిల్ల ఇష్టంగా తింది. తమ్ముడు కూడా తిని, బాగుందక్కా అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం భరించలేక ఉన్నదంతా కక్కేశాను.

వాడు ప్లేటులో రాలిన పొడి వేలితో ఏరుకున్నాడు. తర్వాత అన్నాడు...

"అమ్మకి తెలుసక్కా. మజ్జిగ గిన్ని మూతకి పిండి అంటుకున్నాదట. నాన్నమ్మకి తెలిస్తే నిన్ను బతకనీదని తప్పు తన మీదేసుకుని కుండ పారబోసింది. దాన్నేటీ అడక్కురా, అదే ఓనాడు వచ్చి సెప్తాది అంది."

పెళ్ళయ్యాక నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా, కూరగాయలు తరుగుతూ అమ్మ ఒక మాట అడిగేది. "ఏటే, ఏటైనా సెప్పాలా?"

ఏం లేదమ్మా అనేదాన్ని... ప్రతిసారీ.

ఇప్పుడు అన్నం కుక్కర్లో ఉడుకుతోంది, వార్చే గంజే లేదు. ఎవరింట్లోనైనా తరవాణి కుండ ఇంకా ఉంటే చెప్పండి, ఒక చెంబుడు అడుక్కుంటాను. నాలాగా అమ్మ దగ్గర దాచింది ఏమైనా ఉంటే మాత్రం ఇక్కడ కామెంట్లో రాయకండి... లేచి వంటింట్లోకి వెళ్ళండి. ఆవిడకి తెలిసే ఉంటుంది, మీరు చెప్తారని చూస్తోంది.