సొంత చేతి పెండ్లిబొట్టు

మర్రిగూడ దగ్గరి ఆ ఊళ్లో సాలమ్మ అద్దం చూసుకుని బొట్టు పెట్టుకోగా చూసినవాళ్లు లేరు. ఇంట్లో అద్దం లేక కాదు. కోడళ్లు వచ్చాక నిలువుటద్దం కూడా వచ్చింది. ఆమె మాత్రం పొద్దున్నే వాకిలివైపు తిరిగి, కళ్లు మూసుకుని, ఉంగరం వేలితో నుదుటి మీద అద్దుకునేది. ఒక్కనాడూ వంకర పోలేదు. "మా అత్త నొసట్ల గుంట ఉన్నట్టుంది, రోజు గాడనే పడ్తది" అని పెద్దకోడలు ఆట పట్టించేది. సాలమ్మ నవ్వి ఊరుకునేది. అద్దంలోకి చూస్తే తన వెనక ఒకామె చేతులు వీపు వెనక దాచుకుని నిలబడి ఉంటుందని చెబితే ఏం చేస్తారు? మంత్రగాణ్ని పిలిపించి వేపమండలు తెప్పిస్తారు. వెనక నిలబడేది దయ్యం కాదు, సొంత అక్క. అప్పటికి ఆ అక్క బతికే ఉంది కూడా.

దీని వెనకున్నది చాలా ఏళ్ల కిందటి సంగతి, పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం నాటిది. హుజూర్‌నగర్‌కు రెండు కోసుల దూరంలోని పల్లెలో మల్లప్ప అనే రైతుకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది నర్సింగమ్మ, చిన్నది సాలమ్మ. చిన్నదాన్ని కన్న వారానికే తల్లి పోయింది. పదేళ్ల నర్సింగమ్మ ఆ పసిగుడ్డును చంకనేసుకుని పెంచింది. కొడుకులు లేని మల్లప్ప పెద్దకూతురికి ఇల్లరికపు అల్లుణ్ని తెచ్చుకున్నాడు. అతని పేరు భిక్షపతి. ఎడమకాలి బొటనవేలు బండి చక్రం కింద నలిగిపోయి, కొంచెం ఎగుడుదిగుడుగా నడిచేవాడు. మాటల్లో మాత్రం అతన్ని పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. మరదలు కనబడితే చాలు, "నీకు మొగణ్ని తెచ్చుడు నావల్ల కాదు బిడ్డా, నీ నోటికి మిలిటరోడే కావాలె" అని ఏడిపించేవాడు. రజాకార్ల కాలంలో వడిసెల పట్టుకుని బురుజు మీద కాపలా కాసిన కమ్యూనిస్టు సంగం మనిషి అతను.

నర్సింగమ్మకు ఊళ్లో ఒక పేరుంది. ఏ ఇంట పెండ్లయినా పిల్లను పెండ్లికూతురిని చేసేది ఆమే. ఆముదపు దీపం మీద కంచు పళ్లెం బోర్లించి మసి పట్టి, వెన్నతో నూరి కాటుక తానే చేసేది. పసుపులో సున్నం కలిపి పాదాలకు పారాణి పూసేది. నలుగు పెట్టడం, జడ వేయడం, బుగ్గన చుక్క దిద్దడం అన్నీ అయ్యేదాకా పిల్లకు అద్దం ఇచ్చేది కాదు. ఇచ్చాక ఆ పిల్ల తనను తాను గుర్తుపట్టలేక బిత్తరపోతే ఈమె పడీపడీ నవ్వేది. నల్లపిల్ల, మాడుమొగం పిల్ల, ఏ పిల్లయినా ఆమె చేతిలో కళకళలాడేది. పెండ్లిబొట్టు పెట్టే చెయ్యి ఎలాంటిదో పిల్ల కాపురం అలాగే ఉంటుందని అక్కడివాళ్ల నమ్మకం. మొగుడు బతికున్న మనిషి, కాపురం చల్లగా ఉన్న మనిషి పెట్టాలి. అందుకే అందరూ నర్సింగమ్మ కోసం వచ్చేవారు.

రజాకార్లు పోయారని ఊరంతా సంబరపడి నాలుగు నెలలు కాలేదు, సంగం వాళ్ల కోసం మిలిటరీ వచ్చింది. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కల్లంలో జొన్నలు తూర్పారబడుతున్న భిక్షపతిని లారీ ఎక్కించుకుని పోయారు. చేతిలోని చాట కూడా కింద పెట్టనివ్వలేదు. మల్లప్ప క్యాంపు చుట్టూ తిరిగాడు. ఇక్కడ లేడు, వేరే క్యాంపుకు పంపామన్నారు. అక్కడికి పోతే అసలు రానేలేదన్నారు. నర్సింగమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ఎవరైనా జాలిగా చూస్తే "వస్తడు" అని ఒక్క మాట అనేది. ఊళ్లోవాళ్లు ఆమె ముందు తలూపి, అటు తిరిగి నోరు నొక్కుకునేవారు. మనుషులకు ఇంకొకరి నుదుటి మీద ఎంత ఆసక్తో!

ఆ రోజుల్లో పెండ్లికాని పిల్లను ఇంట్లో పెట్టుకోవడమంటే నిప్పు మూటగట్టుకోవడమే. సోదాల పేరుతో ఇళ్లలోకి వచ్చేవాళ్లు. పక్క ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల బతుకు ఏమైందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మల్లప్ప ఆదరాబాదరాగా మర్రిగూడ వైపు సంబంధం చూశాడు. పెండ్లికొడుకు ఎల్లస్వామి. అక్కడి నీళ్లకు పళ్లు గోధుమరంగు చారలు పడతాయి, పంటా అంతంతమాత్రమే. కానీ ఆ ఊళ్లో క్యాంపు లేదు. మల్లప్పకు అదే చాలు. వైశాఖంలో ముహూర్తం పెట్టారు.

పెండ్లికి మూడు రోజుల ముందు పెండ్లికొడుకు పెద్దమ్మ సైదమ్మ చీరలు పట్టుకుని వచ్చింది. చెడ్డమనిషేం కాదు, భయస్తురాలు. చీరలు చూపించింది, నీళ్లు తాగింది, నర్సింగమ్మ పెరట్లోకి పోయేదాకా ఆగి మల్లప్పతో అన్నది:

"అన్నా, తప్పుగ అనుకోకు. పిల్లను పెండ్లికూతురిని నేనే చేస్త. మీ పెద్దపిల్ల చెయ్యి పడొద్దు. ఆమె మొగడు ఉన్నడో లేడో ఎవలకెరుక? మావోళ్లు ఒప్పుకోరు."

మల్లప్ప తల వంచుకున్నాడు. గదిలోంచి విన్న సాలమ్మకు ఒళ్లు మండిపోయింది. సైదమ్మ చేత బొట్టు పెట్టించుకుంటే బావ చచ్చిపోయాడని పందిట్లో చాటింపు వేసినట్టే. అక్క చేత పెట్టించుకుంటే పెండ్లివారు లేచి వెళ్లిపోవచ్చు. తన చేత్తో తానే పెట్టుకోవడమా? అది దిక్కులేని పిల్ల చేసే పని. అక్క ఉండగా ఆ మాట ఎవరితో అనిపించుకోవాలి?

అయినా ఎందుకైనా మంచిదని ఆ సాయంత్రం చేతిఅద్దం తీసుకుని దొడ్లో కూర్చుని ప్రయత్నించింది. కాటుక ఒక కంటికి పురికొసంత, ఇంకో కంటికి మోకంత వచ్చింది. తుడిస్తే చెంపంతా పాకింది. చూసి నర్సింగమ్మ నవ్వింది. భిక్షపతిని తీసుకుపోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఎల్లస్వామి జడుసుకుని చస్తడే!"

"నాకెందుకు వచ్చుడు? నువ్వున్నవ్ గదా" అన్నది సాలమ్మ. నర్సింగమ్మ నవ్వు ఆగిపోయింది. బర్రెకు గడ్డి వేయడానికి పోయింది.

రెండు రోజులు ఆలోచించి సాలమ్మ గట్టి నిర్ణయానికి వచ్చింది. అక్కే చెయ్యాలి. పెండ్లివారు పోతే పోనీ. పెండ్లినాడు తెల్లవారుతూనే నలుగుపిండి, కాటుక, కుంకుమ పళ్లెంలో పెట్టుకుని అక్కను గదిలోకి లాగి తలుపేసింది. పీట మీద కూర్చుని మొహం ఎత్తింది.

"పెట్టు అక్కా."

"వద్దే. ఆ సైదమ్మను పిలుస్త."

"ఊరోళ్లకు భయపడ్తున్నవా? రేపు బావ వస్తే ఏమని చెప్తవ్? నీ బొట్టును నువ్వే నమ్మకుంటె ఇంకెవలు నమ్ముతరు?"

అక్క చేతులు పట్టుకుని తన మొహానికి ఆనించుకోబోయింది. నర్సింగమ్మ నిప్పు తగిలినట్టు చేతులు లాక్కుంది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"గొర్ల గోపయ్య చెప్పిండు. కాముని పున్నమ పోయిన మూడోనాడు. గుట్టెనకకు గొర్లు పోతలేవు, బెదురుతున్నయి అన్నడు. కట్టెలకని పోయిన. మొగం లేదు సాలీ. కాలు చూసి ఆనవాలు పట్టిన."

సాలమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్క చేతుల వైపు చూసింది.

"నాయినకు తెల్వది. ఎవలకు తెల్వది. నక్కలు గుంజకుండ రాళ్లు పేర్చిన. పొద్దు నడినెత్తికి వచ్చేదాంక పేర్చిన, గీ చేతులతోనే. గీ చేతులతోని నీ నొసలెట్ల ముట్టుకోవాలె?"

కాముని పున్నమ పోయి రెండు నెలలు దాటింది. రెండు నెలలుగా అక్క ప్రతి పొద్దునా కుంకుమ పెట్టుకుంటోంది. "వస్తడు" అంటోంది. నిన్నగాక మొన్న తనను చూసి నవ్వింది. ఇవన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగి సాలమ్మకు అక్కను చూస్తే భయం వేసింది. ఆ భయానికి సిగ్గు కూడా వేసింది.

"నాకీ పెండ్లొద్దు" అన్నది లేవబోతూ.

నర్సింగమ్మ ఆమె చెంగు పట్టి కూర్చోబెట్టింది. "నోర్ముయ్యి. ఇంట్ల సావుకీడని తెలిస్తే ఏడాది దాంక పందిరెయ్యరు. ఏడాదిల ఈ ఊళ్లె నీకేమైతదో నాకెరుక. రెండు నెలలు నేను ఉత్తగనే పెట్టుకున్ననా?"

సాలమ్మ కుంకుమ పళ్లెం వైపు చూస్తూ కూర్చుంది. సైదమ్మను పిలిస్తే, ఇన్నాళ్లూ బొట్టు పట్టుకుని వేలాడినామె ఇవాళ ఎందుకు తప్పుకుందని నలుగురూ అడుగుతారు. నాయిన అడుగుతాడు. అక్క ఇంకొక్క అబద్ధం కూడా మొయ్యలేదు, ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఎవరూ అక్కను అడగకుండా ఉండాలంటే తప్పు తన మీదికి రావాలి.

తలుపు తీసింది. వసారాలో సైదమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు.

"మా అక్క చెయ్యి పడొద్దన్నవ్ గదా పెద్దత్తా. మంచిది. నీ చెయ్యి నాకొద్దు. నాది నేనే పెట్టుకుంట."

సైదమ్మ చెంపలు వాయించుకుంది. మల్లప్ప వచ్చి "పిచ్చి లేసిందానే? తల్లి లేదు, అక్క గూడ లేదా నీకు?" అని మండిపడ్డాడు. సాలమ్మ గుమ్మం దిగలేదు. మొండిఘటం, పొగరుబోతు, ఈ పిల్లతో ఎల్లస్వామి వేగినట్టే అని విడిదిదాకా పాకిపోయింది. విడిది నుంచి ఎల్లస్వామి కబురు పంపాడు: "ఎవలు పెట్టుకుంటేంది, ముహూర్తం పోతాంది, జర జల్ది కానియ్యమనుండ్రి." ఆ ఒక్క మాటకు సాలమ్మ అతన్ని బతికినన్నాళ్లూ మన్నించింది, తాగొచ్చిన రోజుల్లో కూడా.

మళ్లీ తలుపేసుకుంది. అద్దాన్ని గూట్లో నిలబెట్టింది. నర్సింగమ్మ దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వీపు వెనక కట్టుకుని చెల్లెలి వెనక నిలబడి, అద్దంలోకి చూస్తూ ఒక్కొక్కటే చెప్పింది.

"ఎడమ కన్ను జర సన్నగ. రెప్పకు ఆనించి గుంజు. ఊపిరి బిగబట్టు. ఆఁ. ఇగ బుగ్గ చుక్క."

సాలమ్మ చెప్పినట్టే చేసింది. కన్నీళ్లు వస్తే కాటుక పాడవుతుందని రెప్ప వేయకుండా చూసింది. అద్దంలో రెండు మొహాలు, రెండు బొట్లు. ముందున్న బొట్టు ఇంకా తడి ఆరలేదు. వెనకున్న బొట్టుకు మనిషి లేడు, ఆ సంగతి ఈ గది దాటకూడదు. ఏ మొహం తనదో ఒక్క క్షణం ఆమెకు తెలియలేదు. నిజంగానే తెలియలేదు.

పందిట్లో అమ్మలక్కలు పెండ్లికూతురిని చూసి గుసగుసలాడారు. "తనే పెట్టుకున్నదట. అబద్ధం! అది నర్సింగమ్మ పనితనం గాదూ?" నర్సింగమ్మ తలంబ్రాల దగ్గరికి రాలేదు. వంటల దగ్గర ఉండిపోయింది. పందిరి విప్పేదాకా ఆమె నుదుట బొట్టు అలాగే ఉంది.

పదహారు రోజుల పండుగకు సాలమ్మ పుట్టింటికి వచ్చింది. నాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కూతురి వైపు చూడలేదు. ఇంట్లోకి పోతే అక్క జొన్నలు చెరుగుతోంది. బోడి నుదురు. బోడి చేతులు. మణికట్ల మీద గాజుపెంకులు గీరిన గాట్లు ఇంకా మానలేదు. ఆ ఊళ్లో మొగుడు పోయిన ఆడదాన్ని పదోనాడు తోటి ఆడవాళ్లు వాగుకు తీసుకుపోయి, ఆఖరిసారి నిండుగా ముస్తాబు చేసి, కావలించుకుని ఏడ్చి, ఆ తర్వాతే గాజులు తీస్తారు. ఎంత పేదదానికైనా ఆ పాటి దక్కుతుంది.

"ఎవలు తీసిండ్రు అక్కా?"

"ఎవల్ని పిలవాలె?" అన్నది నర్సింగమ్మ చెరగడం ఆపకుండా. "పిలిస్తే ఎన్నడు సచ్చిండని అడుగుతరు. తారీకు చెప్తే నీ పెండ్లి కీడుల జరిగిందంటరు. నిన్ను బతకనియ్యరు. ఇగ రాడు, ఆశ ఇడిసిన అని ఊరికి చెప్పిన. నాది నేనే తీసుకున్న."

సాలమ్మ నోరు తెరిచేలోపే నర్సింగమ్మ లేచింది. చాట పక్కన పెట్టి, వాకిట్లోకి ఒకసారి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది. వచ్చి చెల్లెలి ఎదురుగా కూర్చుంది.

"ఇగ ఏడువు" అన్నది. "సప్పుడు రానియ్యకు."